ఎడమ అంచు దగ్గర వంపు

ఆ తలుపుల ఫ్యాక్టరీలో అతన్ని అందరూ గన్ను బాబాయ్ అనేవారు. పేరు వింటే ఎవరో బందిపోటు అనుకుంటారు గానీ, మనిషి మాత్రం గోడ మీది బల్లిని చీపురుతో తోలడానికి కూడా జంకే రకం. గన్ను అంటే స్ప్రే గన్ను. చెక్క తలుపులకూ, కిటికీలకూ, గోడలకు బిగించే పలకలకూ వార్నిష్ కొట్టేది. జుట్టు నల్లగా ఉన్న రోజుల్లో దాన్ని చేతిలోకి తీసుకున్నాడు, నెరిసిపోయాక ఒకనాడు మేకుకు తగిలించాడు. ఈలోగా ఎన్ని ఇళ్ళ తలుపులు అతని చేతి మీదుగా వెళ్ళాయో ఆ దేవుడికే ఎరుక. ఎవరింటికి వెళ్ళినా ముందు తలుపు వంక చూసేవాడు, ఆ తర్వాతే తలుపు తీసిన మనిషి వంక. పాపం, ఆ ఇంటివాళ్ళు వెనక ఎవరైనా వచ్చారేమోనని తిరిగి చూసుకునేవారు.

ఇప్పుడతని పని కుర్చీలో కూర్చోవడం. నవ్వకండి, నిజంగా అదే పని. ఎదురుగా అద్దాల గది ఉంటుంది. పైన గొలుసుకు వేలాడుతూ తలుపులు ఒకదాని వెనక ఒకటి అందులోకి వస్తాయి. లోపల పసుపురంగు ఇనప చెయ్యి లేచి, ఎడమ నుంచి కుడికీ, కుడి నుంచి ఎడమకీ పూత కొట్టి పంపేస్తుంది. గోడలోని ఫ్యాన్లు మిగిలిన పొగను పీల్చుకుంటాయి. తలుపు అవతలి వేడి గదిలోకి వెళ్ళి ఆరుతుంది. పని మొదలయ్యేటప్పుడు ఆకుపచ్చ బొత్తాం నొక్కాలి, ఏదైనా అడ్డం పడితే ఎర్ర బొత్తాం నొక్కాలి. కాలు మీద కాలేసుకుని చేసే ఉద్యోగమని బయటివాళ్ళు కుళ్ళుకునేవారు. కూర్చున్నవాడికి తెలుస్తుంది దాని బాధ. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా అద్దానికి ఇవతల మాట్లాడే ప్రాణి లేదు.

ఇందులో ఇంకో చోద్యం ఉంది. ఆ ఇనప చెయ్యి అచ్చం బాబాయ్ లాగే కొట్టేది. మాటవరసకు అనడం లేదు. మిషను పెట్టిన కొత్తలో, దాన్ని బిగించడానికి వచ్చిన ఇంజనీరు అమ్మాయి దాని మణికట్టుకు ఒక పిడి తగిలించి, "బాబాయ్ గారూ, దీన్ని పట్టుకుని మీరెలా కొడతారో అలా కొట్టండి చాలు, అదే గుర్తుపెట్టుకుంటుంది" అంది. బాబాయ్ ముక్కుకు మాస్కు కట్టుకుని, పిడి పట్టుకుని, ఎప్పటిలాగే కొట్టాడు. మిషను ప్రతి కదలికా నేర్చేసుకుంది. ఎంతలా అంటే, గన్ను మొన దగ్గర నిలిచిన చుక్క రాలడానికి బాబాయ్ కొట్టబోయే ముందు చెయ్యి ఒకసారి విదిలించేవాడు. మిషనుకు చుక్క నిలవదు, అయినా అదీ విదిలిస్తుంది. చూసినవాళ్ళు పకపకా నవ్వి, "బాబాయ్, నీ కొడుకు అచ్చు నీ పోలికే!" అనేవారు. బాబాయ్ కూడా నవ్వేవాడు. అతనికి పిల్లల్లేరు.

భార్య పోయి చాలా కాలమైంది. ఆవిడ పోయాక అతనికి మిగిలిన చుట్టం ఆవిడ తమ్ముడొక్కడే. ఆ బావమరిది కూడా ఇదే ఫ్యాక్టరీలో, ఇతని పక్కనే పని చేసేవాడు. ఇద్దరి మధ్యా ఒక తలుపు దూరం, అంతే.

ఆ పని ఎలా ఉండేదో చెప్పాలి. పాత షెడ్డులో ఒక ఇనప స్టాండు ఉండేది. కింద ఒక మొన, పైన ఒక మొన, ఆ రెంటి మధ్యా తలుపును నిలబెడితే గిర్రున తిరిగేది. అయితే గన్నులోంచి వచ్చే గాలికి తలుపు ఊరికే ఊగిపోతుంది. ఊగితే పూత ఒకచోట కారుతుంది, ఒకచోట పలచబడుతుంది. అందుకని ఒక మనిషి తలుపు ఎడమ అంచు పట్టుకుని నిలబడాలి. ఆ నిలబడేవాడే బావమరిది. మొహానికి గుడ్డ కట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, తల అటు తిప్పేసుకునేవాడు. ఇతను కొట్టడం అయిపోయాక కళ్ళు తెరిచి, చెయ్యి తీసి, తను పట్టుకున్న చోట పూత సరిగా పడిందా లేదా చూసి, "ఇక్కడ" అనేవాడు. బాబాయ్ అక్కడ ఒక్క పిసరు కొట్టేవాడు. బావమరిది తలుపు తిప్పేవాడు. మళ్ళీ రెండో వైపు, మళ్ళీ "ఇక్కడ". గన్నుకు గాలి కొట్టే కంప్రెసర్ హోరులో ఇంకే మాటా వినపడేది కాదు. అలా ఆ ఒక్క మాటతోనే వాళ్ళ వయసంతా గడిచిపోయింది.

గుడ్డ విప్పాక మాత్రం బావమరిది నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. "మా అక్క పోతూపోతూ నిన్ను నా నెత్తిన పెట్టి పోయింది బావా" అని దారంతా సతాయించేవాడు. ఇద్దరూ సైకిళ్ళు నడిపించుకుంటూ బావమరిది ఇంటికే వెళ్ళేవారు. వంటింటి గడప పక్కన బాబాయ్ కోసం ఒక స్టూలు ఉండేది. దాని మీద ఇంకెవరూ కూర్చునేవారు కాదు. బావమరిది భార్య కంచం చేతికిచ్చి, "అన్నయ్యా, ఇంకాస్త వేస్తా" అని అడక్కుండానే వేసేది. బావమరిది, "వెయ్యి వెయ్యి, ఆయన ఒంట్లోకి తిండి ఎక్కడ పోతోంది, వార్నిషే పోతోంది" అనేవాడు. రోజూ అదే హాస్యం. రోజూ నవ్వేవారు. తిని, తన ఒంటిగదికి వెళ్ళి, తాళం తీసి పడుకుంటే బాబాయ్‌కి ఇట్టే నిద్ర పట్టేసేది.

మిషను వస్తోందని యజమాని అందరినీ వాకిట్లో పోగుచేసి చెప్పిన రోజు ఆ ముచ్చట ముగిసింది. యజమాని చెడ్డవాడేం కాదు, నసపెట్టకుండా చెప్పేశాడు. "మిషనుకు తలుపు పట్టుకునేవాళ్ళు అక్కర్లేదు. దగ్గర ఒకళ్ళుంటే చాలు. గన్ను బాబాయ్ ఉంటాడు. ఎవరైనా ఏమైనా అనాలంటే ఇప్పుడే అనండి."

అందరూ బాబాయ్ వంక చూశారు. బావమరిది కూడా చూశాడు. మిగతావాళ్ళ చూపు వేరు, అతని చూపు వేరు. ఏదో ఒక మాట అంటాడని చూశాడు. వాడూ నేనూ ఒకటే అనో, వాణ్ణి ఎక్కడైనా సర్దండి అనో, కనీసం అయ్యో అనో. బాబాయ్ కిందికి చూస్తూ నిలబడ్డాడు. సిమెంటు నేల మీద ఎప్పుడో కారిన వార్నిష్ మరక ఒకటుంది, దాన్నే చూస్తూ నిలబడ్డాడు. నోట్లో నాలుక లేనట్టు, ఆ పక్కనున్నవాడు తనకు ఏమీ కానట్టు నిలబడ్డాడు. యజమాని కాసేపాగి, "సరే అయితే" అని లోపలికి వెళ్ళిపోయాడు. అంతే. ఆ నిమిషంలో అనాల్సిన మాటలన్నీ ఆ తర్వాత బాబాయ్‌కి వరసపెట్టి తోచాయి. తోచి ఏం లాభం!

ఆ సాయంత్రం కూడా బాబాయ్ అలవాటు చొప్పున వెళ్ళాడు. బావమరిది అప్పటికే తినేసి బయటికి పోయాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఆవిడ కంచం పెట్టేది, "అన్నయ్యా, ఇంకాస్త" అనేది కూడా. కానీ ఆ హాస్యం ఆడేవాడు లేక అన్నం సయించేది కాదు. ఇంటి మగాణ్ణి ఇంట్లోంచి తరిమేసి తను తింటున్నట్టు అనిపించి, బాబాయే వెళ్ళడం మానేశాడు. బావమరిది తర్వాత ఏదో సామాన్ల గోదాములో కాపలా పనికి కుదిరాడని ఎవరో అంటే విన్నాడు. దార్లో ఒకసారి ఎదురుపడ్డారు. బావమరిది సైకిల్ చైను ఊడిపోయినట్టు కిందికి వంగాడు. చైను శుభ్రంగానే ఉంది, బాబాయ్ చూశాడు.

ఇక ఒంటరి బతుకు ఎలా ఉంటుందో కొత్తగా చెప్పాలా? గిన్నెడు అన్నం వండుకోవడం, అందులో సగం పొద్దున్నే చల్లగా తినడం. పక్కింటివాళ్ళ టీవీలో ఎవరో నవ్వితే గోడ వంక చూడటం. అద్దాల గది ముందు కూర్చుంటే మాత్రం కొంచెం నయంగా ఉండేది. ఎందుకో అతనికే తెలీదు. ఆ ఇనప చెయ్యి అటూ ఇటూ తిరుగుతుంటే, లోపల కొడుతున్నది తనేనన్నట్టు, అక్కడ తను ఒక్కడే కాదన్నట్టు ఉండేది.

అలా ఉండగా ఒక హాస్టలు కోసం పంపిన తలుపులు లారీలో తిరిగొచ్చాయి. కొత్త తలుపులు, బిగించి ఎన్నాళ్ళో కాలేదు, అప్పుడే ఎడమ అంచు దగ్గర, మనిషి ఛాతీ ఎత్తున పూత లేచిపోయి, చేతుల మురికి పట్టి చెక్క నల్లబడింది. ఒక తలుపు కాదు, అన్నీ. అన్నీ ఒకే చోట. యజమాని మొహం కందగడ్డలా చేసుకుని ఫోన్లో ఎవరెవరి మీదో ఎగిరాడు. ఇంజనీరు అమ్మాయి మర్నాడు పొద్దున్నే బస్సు దిగి, టీ కూడా తాగకుండా, ఒళ్ళో కంప్యూటర్ పెట్టుకుని అద్దాల గది ముందు కూర్చుంది.

ఆ పిల్ల చురుకైనది. ఎవరినీ తప్పుపట్టలేదు, కాసేపు తలుపుల వంకా కాసేపు తెర వంకా చూసి, తనే పట్టేసింది.

"బాబాయ్ గారూ, ఇలా రండి. ఇదిగో, మీ చెయ్యి నడిచిన దారి."

తెర మీద నీలం గీతలు, ఒకదాని కింద ఒకటి. స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. బాబాయ్‌కి లోలోపల కాస్త గర్వంగానే అనిపించింది. అమ్మాయి వేలు ఎడమ పక్కకు జరిగింది. అక్కడ కొన్ని గీతలు అంచు దాకా వెళ్ళకుండానే మణికట్టు తిప్పినట్టు పైకి వంగి, పక్కకు తప్పుకుని, మళ్ళీ కిందికి వచ్చాయి.

"ఇక్కడేముంది?" అని అడిగింది.

"ఏముంది తల్లీ, ఏమీ లేదు."

"ఏమీ లేకపోతే చెయ్యి ఎందుకు పక్కకు తిరిగింది? ప్రతి తలుపుకీ సరిగ్గా ఇక్కడే తిరిగింది. ఈ చోట ఎవరో నిలబడి ఉన్నట్టు, వాళ్ళ మీద పడకుండా తప్పించినట్టు."

బాబాయ్ కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. ఆ పిల్ల మంచినీళ్ళ సీసా ఇచ్చింది. రెండు గుక్కలు తాగి సీసాకు మూత పెట్టాడు.

"మా బావమరిది నిలబడేవాడమ్మా అక్కడ."

"మిషనుకు నేర్పేటప్పుడు కూడా ఉన్నాడా?"

"లేడు. అప్పటికి వాణ్ణి పంపించేశారు. ఒక్కణ్ణే కొట్టాను."

ఆ సంగతి అతనికే తెలీదు చూడండి! ఇన్నేళ్ళూ ఎడమ అంచు దగ్గరికి వచ్చేసరికి బావమరిది మీద తుంపర పడకూడదని చెయ్యి దానంతటదే పక్కకు తిరిగేది. ఆ తిరగడంలో అక్కడ పూత పలచబడేది. బావమరిది కళ్ళు తెరిచి "ఇక్కడ" అంటే ఒక పిసరు కొట్టి సరిచేసేవాడు. అది బావమరిది చెయ్యి అడ్డం ఉండటం వల్ల పడని పూత అని ఇద్దరూ అనుకునేవారు. మనిషి పోయాడు, చెయ్యి తిరగడం పోలేదు. మిషను దాన్ని కూడా అపురూపంగా నేర్చుకుంది. అక్కడ నిలబడి "ఇక్కడ" అనే మనిషిని మాత్రం మిషనుకు ఎవరూ ఇవ్వలేదు.

"పెద్ద పనేం కాదులెండి. ఈ గీతల్ని తిన్నగా లాగేస్తే సరిపోతుంది, ఇప్పుడే అయిపోతుంది" అంది అమ్మాయి.

"ఇప్పుడే వద్దు" అన్నాడు బాబాయ్. ఎంత గట్టిగా అన్నాడంటే అమ్మాయి చెయ్యి ఆగిపోయింది. "ఒక్క రోజు ఆగమ్మా. వాడికి చూపించాలి. నేను ఆ రోజు నోరు తెరవలేదు తల్లీ. వాడి కోసం ఒక్క ముక్క మాట్లాడలేదు. నేను చెబితే వాడు వినడు. దీన్ని చూస్తే..."

అమ్మాయి యజమాని దగ్గరికి వెళ్ళి ఏం చెప్పిందో ఏమో, రేపు మధ్యాహ్నం భోజనాల వేళకి లైను నడిచి తీరాలన్న కబురు తెచ్చింది. "అప్పటిదాకా ముట్టుకోను. తీసుకురండి" అంది.

ఆ సాయంత్రం బాబాయ్ చాలాకాలానికి ఆ సందులోకి తిరిగాడు. బావమరిది ఇంటి తలుపు మీద తను ఎప్పుడో కొట్టిన పూత ఇంకా నిగనిగలాడుతోంది. ఆవిడ తలుపు తీసి, "అన్నయ్యా! ఇన్నాళ్ళకు గుర్తొచ్చామా?" అని మొహం చేటంత చేసుకుంది. "లోపలికి రండి, కూర్చోండి" అంటూనే వంటింటి గడప వైపు చూసి ఆగిపోయింది. స్టూలు అక్కడే ఉంది. దాని మీద నీళ్ళ క్యాను పెట్టి ఉంది. క్యాను కింద స్టూలు చెక్క తడికి ఉబ్బింది కూడా. అంటే చాలా రోజులుగా అక్కడే ఉందన్నమాట. ఆవిడ క్యానును తియ్యబోయింది, నిండుగా ఉంది, లేవలేదు.

"పర్లేదమ్మా, నిలబడతాను" అన్నాడు బాబాయ్.

బావమరిది టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. తల తిప్పలేదు. "మిషను కులాసానా?" అన్నాడు టీవీతో.

"ఒరేయ్, రేపు ఒకసారి ఫ్యాక్టరీకి రావాలి."

"ఎందుకు, బొత్తాం నొక్కి నొక్కి వేలు నొప్పెట్టిందా?"

"అది కాదురా. నువ్వు నిలబడే చోటికి వచ్చేసరికి నా చెయ్యి పక్కకు తిరిగేదట. నీ మీద పడకుండా. నాకే తెలీదు. ఆ తిరగడం మిషనుకూ వచ్చేసింది. నువ్వు లేకపోయినా నిన్ను తప్పించుకునే కొడుతోంది. అందుకే తలుపులన్నీ పాడై తిరిగొచ్చాయి."

"ఇదీ నా తప్పేనా అయితే?"

"అయ్యో, కాదురా! రేపు మధ్యాహ్నం దాన్ని తీసేస్తున్నారు. తీసేసేలోగా నువ్వొకసారి చూడాలి."

"నేనేం చూస్తాను బావా," అన్నాడు బావమరిది. బావా అన్నాడు గానీ ఆ పిలుపులో తడి లేదు. "నువ్వెలా కొట్టేవాడివో నేనెప్పుడు చూశాను గనక? కళ్ళు మూసుకుని మొహం అటు పెట్టుకునేవాణ్ణి. నువ్వు తిప్పావో తిప్పలేదో నాకేం తెలుసు?"

"అందుకే చూడమంటున్నాను."

టీవీలో ఎవరో ఏదో అమ్ముతున్నారు. బావమరిది దాని సౌండు కాస్త పెంచాడు.

"రేపు డ్యూటీ ఉంది" అన్నాడు బావమరిది.

ఆవిడ గుమ్మం దాకా వచ్చి, "తిని వెళ్ళండి అన్నయ్యా, వంట అయిపోయింది" అంది. ఇల్లంతా కూర వాసనే. "తినేసి వచ్చానమ్మా" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడే కడుపులో పేగులు అరిచాయి. ఆవిడకు వినపడే ఉంటుంది.

మర్నాడు పొద్దుట్నుంచీ బాబాయ్‌ది ఒక కాలు కుర్చీ దగ్గర, ఒక కాలు గేటు దగ్గర. ఎవరి సైకిల్ గంట మోగినా లేచి నిలబడేవాడు. గేటు కాపలావాడు, "ఏంటి బాబాయ్, పెళ్ళిచూపులా?" అన్నాడు. భోజనాల వేళ అయింది. ఇంజనీరు అమ్మాయి మంచి పిల్ల, ఏదో వైరు సరిగా లేదని పీకి పెట్టింది, టీ తెప్పించుకుంది, అది చల్లారిందని ఇంకోటి తెప్పించుకుంది. యజమాని వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాక ఇక ఆపడం ఆమె వల్ల కాలేదు.

"ఒక్కసారి నడిపించమ్మా, చివరిసారి" అన్నాడు బాబాయ్.

ఖాళీగా, పూత లేకుండా నడిపించింది. గొలుసుకు ఒక తలుపు వచ్చి నిలబడింది. ఇనప చెయ్యి ఒకసారి విదిలించుకుంది. కుడి నుంచి ఎడమకు వచ్చింది, ఛాతీ ఎత్తు దగ్గర, అంచుకు జానెడు ముందు, మెల్లగా పక్కకు తప్పుకుంది. ఎవరి మొహానికో ఏమీ తగలకూడదన్నట్టు తప్పుకుంది. అద్దానికి ఇవతల దాన్ని చూస్తున్నవాళ్ళు యజమాని, అమ్మాయి, బాబాయ్. చూడవలసినవాడు లేడు. బాబాయ్‌కి ఏడుపొచ్చింది. అందరి ముందూ ఏడవడం చాతకాక ముక్కు చీదుకుంటున్నట్టు తుండుగుడ్డ మొహాన పెట్టుకున్నాడు.

తర్వాత అమ్మాయి తెర మీద ఏవో నొక్కింది. వంగిన గీతలు తిన్నగా అయిపోయాయి. మళ్ళీ నడిపిస్తే ఇనప చెయ్యి ఎడమ అంచును దాటుకుని సూటిగా వెళ్ళిపోయింది. అక్కడ ఎప్పుడూ ఎవరూ నిలబడనట్టే వెళ్ళిపోయింది. "శభాష్!" అన్నాడు యజమాని. అన్నాక బాబాయ్ వైపు తిరిగి, "తిరిగొచ్చిన తలుపులకి ఆ కాస్త చోటే కొట్టడం మిషను వల్ల కాదట. నువ్వే చేత్తో కొట్టెయ్" అన్నాడు.

కాబట్టి ఆ సాయంత్రం బాబాయ్ పాత షెడ్డు తాళం తీశాడు. మేకుకున్న గన్ను దింపి, దుమ్ము దులిపి, తుడిచాడు. ఇనప స్టాండుకు కాస్త నూనె పెట్టాడు. తలుపుల అంచులు గరుకు కాగితంతో రుద్ది శుభ్రం చేసుకుని, మొదటిదాన్ని నిలబెట్టి, మాస్కు కట్టుకుని, కంప్రెసర్ వేశాడు. గన్ను నొక్కాడో లేదో తలుపు గిర్రున తిరిగి అతని మోచేతికి తగిలింది. ఎడం చేత్తో పట్టుకుని కుడి చేత్తో కొట్టబోయాడు, పూత తన చేతి మీదే పడింది. కాలు అడ్డం పెట్టి చూశాడు. ముసలి కాలు, ఎంతసేపు నిలుస్తుంది? తలుపు ఇటు ఊగుతుంది, అటు ఊగుతుంది, అతనితో ఆటలాడుతుంది. "నీ దుంప తెగ!" అని తలుపును తిట్టాడు. తిట్టి, వెనక్కి ఒక అడుగేసి, ఏమైతే అదవుతుందని మళ్ళీ గన్ను ఎత్తాడు.

ఈసారి తలుపు ఊగలేదు.

కళ్ళకు పెట్టుకున్న అద్దాలు మసగ్గా ఉన్నాయి. వాటిలోంచి ముందు ఎడమ అంచు మీద నాలుగు వేళ్ళు కనపడ్డాయి. తర్వాత గోదాము కాపలావాళ్ళు వేసుకునే నీలం చొక్కా. బావమరిది మొహానికి జేబురుమాలు కట్టుకుని నిలబడి ఉన్నాడు. డ్యూటీ దిగి అట్నుంచి అటే వచ్చినట్టున్నాడు, సైకిల్ క్లిప్పు ఇంకా ప్యాంటుకే ఉంది.

బాబాయ్ మాస్కు కిందికి లాగి, హోరులోనే అరిచాడు. "తీసేశారురా! మధ్యాహ్నమే తీసేశారు. నువ్వు రాలేదు."

"మిషన్ని చూసి నేనేం చేసుకోను?" అని బావమరిది కూడా అరిచాడు. "కొట్టు బావా, చెయ్యి పీకుతోంది."

బాబాయ్ మాస్కు పైకి లాక్కున్నాడు. ఒకసారి విదిలించి, కొట్టడం మొదలుపెట్టాడు. కుడి నుంచి ఎడమకు వస్తుంటే గమనించాడు. బావమరిది మొహం అటు తిప్పుకోలేదు, కళ్ళు మూసుకోలేదు. తుంపర పడితే మండుతుందని తెలిసీ, ఎర్రటి కళ్ళు పెద్దవి చేసుకుని గన్ను వంకే చూస్తున్నాడు. ఈసారి తిరగదేమో, తెలిశాక ఇంక దానంతటది తిరగదేమో, తిరక్కపోతే వీడి కళ్ళేం కాను అనుకుంటూనే గన్ను నడిపాడు. అంతలోనే ఛాతీ ఎత్తు వచ్చేసింది. మణికట్టు తిరిగింది. గన్ను పైకి వంగి, ఆ నీలం చొక్కాను తప్పించుకుని, చుట్టూ తిరిగి, కిందికి వచ్చింది. బావమరిది మొహాన చుక్క పడలేదు.

బావమరిది తన చెయ్యి అంచు మీంచి తీసి, కింద పలచబడ్డ చోటు చూశాడు.

"ఇక్కడ" అన్నాడు.

బాబాయ్ అక్కడ ఒక్క పిసరు కొట్టాడు. బావమరిది తలుపు తిప్పాడు.

వచ్చిన తలుపులన్నీ అలాగే అయిపోయాయి. చివర్న కంప్రెసర్ ఆపేసరికి షెడ్డంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఇద్దరికీ ఎటు చూడాలో తెలీలేదు. బాబాయ్ ఒక డబ్బాలో థిన్నరు పోసుకుని గన్ను కడగడానికి కూర్చున్నాడు. బావమరిది జేబురుమాలు విప్పి, మొహం తుడుచుకుని, ఆ రుమాలునే చూస్తూ నిలబడ్డాడు.

"ఇన్నేళ్ళూ నా మీద చుక్క పడకుండా చూసుకున్నావు," అన్నాడు. "ఆ రోజు ఒక్క మాట అనలేకపోయావా బావా?"

"అనలేకపోయానురా." బాబాయ్ తల ఎత్తలేదు. "భయమేసింది. నోరు తెరిస్తే నన్నూ పొమ్మంటారేమో అనిపించింది. ఈ పని తప్ప నాకేం వచ్చు? అక్కడ నువ్వున్నావని తెలుసు, నన్నే చూస్తున్నావనీ తెలుసు. అయినా భయమేసింది. సిగ్గులేని పని చేశాను."

"పొమ్మంటే పొమ్మననీ!" అన్నాడు బావమరిది. "ఇద్దరం కలిసి గోదాము కాపలా కాసేవాళ్ళం. అక్కడ ఒక్కణ్ణే కూర్చోలేక చస్తున్నాను. మాట్లాడదామంటే బస్తాలు తప్ప ఎవడున్నాడు?"

బస్తాల సంగతి బాబాయ్‌కి చెప్పక్కర్లేదు. బావమరిది బయటికి నడిచాడు. సైకిల్ స్టాండు తీసిన చప్పుడైంది. ఆ తర్వాత గంట మోగుతుందని, చక్రాల కింద గులకరాళ్ళు నలిగిన చప్పుడవుతుందని బాబాయ్ చెవులు అటే వేశాడు. ఏ చప్పుడూ కాలేదు. తల ఎత్తి చూస్తే బావమరిది సైకిల్ పట్టుకుని షెడ్డు గుమ్మంలో నిలబడి, మొహం అటు తిప్పుకుని ఉన్నాడు.

"పొద్దున్న స్టూలు మీంచి నీళ్ళ క్యాను తీసేశాను" అన్నాడు.